సమాధుల తోటలో పసుపు గిన్నెలు

సమాధుల మధ్య పసుపు గిన్నెలు కనబడగానే రాహేలమ్మ టక్కున ఆగిపోయింది.

కూతురు జీవితను పూడ్చిన చోట, తలాపునే ఒకటి ఉంది.

బేతంచెర్ల చుట్టుపక్కల ఊళ్లలో పసిపిల్లకైనా తెలుసు. నాపరాయి గని వచ్చే నేల మీద ముందు రంగు గుర్తులు పడతాయి, ఆ వెనకే యంత్రాలు దిగుతాయి.

సమాధుల తోటకు పట్టా లేదు. పక్కనున్న బీడుతో కలిపి దాన్ని గనికి అడుగుతున్నారని కొన్నాళ్లుగా వింటోంది. అనుమతి వస్తే సమాధులన్నీ తవ్వి వేరే చోటికి మారుస్తారట.

ఒకసారి మన్నుకిచ్చిన బిడ్డను మళ్లీ పైకి తీస్తారా? ఆ మాట చెవిన పడిన నాటి నుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు.

తంగేడు పొదల దగ్గర ఒక మనిషి వల పట్టుకుని మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎండకు కమిలిన మొహం, నెరిసిన గడ్డం.

"ఏమప్పా, ఈడ ఏం చేస్తాండావు?"

"కందిరీగలు పడుతున్నానమ్మా."

అవి నువ్వుగింజకన్నా చిన్నవన్నాడు. ఆకుపురుగు ఒంట్లో గుడ్లు పెడతాయని, వాటి పిల్లలు ఆ పురుగునే తిని పెరుగుతాయని చెప్పాడు. పసుపు రంగు చూసి వచ్చి గిన్నెలోని నీళ్లలో పడతాయట. చుట్టూ చేలన్నిటికీ మందు కొడుతున్నారు, ఈ తోటకు ఎవరూ కొట్టరు కాబట్టి ఇక్కడ మిగిలాయేమో అన్నాడు. ఒకదాన్ని వేలి మీద పెట్టి, చూడమని భూతద్దం చాపాడు.

ఆమె అందుకోలేదు.

"నిన్ను గనోళ్లు పంపినారా?"

ఆయన తల వంచుకున్నాడు.

రాహేలమ్మ గిన్నెలన్నీ కాలితో తన్నేసింది. ఆయన అడ్డుపడలేదు. చిన్న కుంచెతో తడిమన్నులోంచి నలుసులు ఏరుకుంటూ కూర్చున్నాడు.

ఆమె కేకలకు సంఘపెద్ద దావీదురాజు నలుగురిని వెంటబెట్టుకొచ్చాడు. ఎవరో వల కర్ర విరిచేశారు. మళ్లీ ఈ దిక్కు వస్తే కాళ్లు విరుగుతాయన్నారు.

పోతూ పోతూ ఆయన గుక్కెడు నీళ్లడిగాడు.

కూతురి సమాధి దగ్గరి నందివర్ధనానికని తెచ్చిన చెంబు ఆమె చేతిలో ఉంది. ఆయన చూస్తుండగానే మొక్క మొదట్లో కుమ్మరించేసింది.

వానలు వెళ్లాక కబురొచ్చింది, గనికి అనుమతి రాలేదని. ప్రార్థనలు ఫలించాయని చర్చిలో కృతజ్ఞత కూడిక పెట్టారు. చాలా రోజులకు రాహేలమ్మ కడుపునిండా తిన్నది.

ఎండలు ముదిరే వేళకు కర్నూలు నుంచి మధులత అనే చదువుకునే పిల్ల వచ్చింది. ఆమె చేతిలోనూ పసుపు గిన్నెలే.

ఈసారి రాహేలమ్మ తన్నలేదు, అడిగింది.

అప్పుడు వల పట్టుకుని వచ్చిన శ్రీకాంత్ సారుకు ఈ తోటలో ఒక కందిరీగ దొరికిందని మధులత చెప్పింది. అంతకుముందు దాన్ని ఎవరూ చూడలేదట. ఆయన రెక్కల్లో గీతలు, మీసాల్లో కణుపులు అన్నీ చూసి, పేరు పెట్టి, ఈ ఊరి పేరుతో సహా లోకానికి తెలిసేలా రాశారు. ఇది తప్ప దానికి ఇంకో చోటున్నట్టు తెలియదు. అందుకే గని ఆగింది.

రాహేలమ్మ కూతురి సమాధి రాయిని అరచేత్తో నిమిరింది.

"ఆ సారును ఒకసారి పిల్చకరామ్మా. ఇంత సంగటి పెడతా."

"ఆయన లేరవ్వా. పోయిన నెలలో గుండె ఆగి చనిపోయినారు."

ఆమె నందివర్ధనం మొదలు వైపు చూసింది.

"పాపిష్టిదాన్ని. అట్లాంటి మనిషిని పట్టుకుని గనోళ్ల మనిషివి అన్న్యా."

మధులత గిన్నెలో నీళ్లు పోయడం ఆపింది.

"నువ్వన్నది నిజమే అవ్వా. ఈడ కాపాడాల్సిన జీవి ఏదీ లేదని రాసిమ్మని గనోళ్లు జీతమిచ్చి పంపింది ఆయన్నే."