ఆమె చేసిన సీను

"కట్! కట్! ఎవరామె? ఫ్రేములోకి ఎవరు పంపారు?"

దర్శకుడి కేకకు అసిస్టెంటు సుధాకర్ ఇసకలో పడుతూ లేస్తూ పరుగెత్తాడు.

హీరోయిన్ వినీల ఒడ్డున కూర్చుని ఉంది. ఆమె ఒళ్ళో రబ్బరు బిడ్డ. ఆ బిడ్డ మొహం మీద తన కొంగు కప్పి ఒక ముసలామె వంగి నిలబడింది.

పొద్దుటి నుంచీ కుదరని షాటు అప్పుడే కుదిరింది. అదీ పాడైపోయింది.

సుధాకర్ ముసలామెను రెక్క పట్టుకుని ఇవతలికి లాక్కొచ్చాడు.

"ఏంది అవ్వా నువ్వు చేసిన పని?"

"బిడ్డ మొగాన ఎండ పడతా ఉండాది అబ్బయ్యా."

"అది బొమ్మ!"

"తెలుసులే," అని ఆమె తల వంచుకుంది.

కావలికి దిగువనున్న ఆ సముద్రపు పల్లెకు యూనిట్ వెతుక్కుంటూ వచ్చింది. తీస్తున్నది రీమేకు. ముప్ఫయ్యేళ్ళ కిందటి అసలు సినిమాలో అందరూ చెప్పుకునే సీను ఆ ఒడ్డునే తీశారు. అలకు పోయిన కొడుకును ఒళ్ళో వేసుకుని ఒక తల్లి, "లెయ్ నాయనా, బువ్వ చల్లారిపోతాంది" అంటుంది.

సినిమా మొత్తంలో ఆమె కనిపించేది ఆ కాసేపే. జనం హీరోను మరిచిపోయారు గానీ ఆమెను మరవలేదు. ఆ ఒక్క మాటకే రచయితకు అవార్డు వచ్చింది. ఆమె పేరు మాత్రం టైటిల్స్‌లో లేదు.

రీమేకులో ఆ తల్లి వేషం వినీలది. వెనక నిలబడి ఏడవడానికి పల్లె ఆడవాళ్ళను చేపలమ్మే గంగాభవాని పిలుచుకొచ్చింది. ముసలామె కూడా ఆ గుంపులోదే. అందరూ గుండెలు బాదుకుంటుంటే ఈమె కంట మాత్రం చుక్క నీరు లేదు.

సుధాకర్ ఫోన్‌లో పాత సీను పెట్టి ఆమె మొహం ముందు పట్టుకున్నాడు.

"ఏడుపంటే ఇట్లా ఉండాల. చూసి నేర్చుకో."

ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఆమె చూసింది. సీను అయిపోయింది. ఆమె ఫోన్ వైపు వేలు చూపింది.

"ఆ బిడ్డ..."

"అదీ బొమ్మేలే. కానీ ఆమెను చూడు. సొంత బిడ్డే పోయినట్టు చేసింది. యాక్టింగంటే అదీ."

"బొమ్మా?"

"మరి?"

ఆమె ఫోన్ వైపే చూస్తూ ఉండిపోయింది.

"ఇంకొకతూరి చూపీ అబ్బయ్యా."

శ్రద్ధగా నేర్చుకుంటోందనుకుని సుధాకర్ మళ్ళీ పెట్టాడు. ఈసారి ఆమె వేలు తగిలి సీను ఆగిపోయింది. తెర నిండా బిడ్డ మొహం.

"ఉండనీ, అట్నే ఉండనీ."

"సినిమా అంతా ఇక్కడే చూస్తావా? నీ వల్ల కాదు గానీ ఇంటికి పో." ఫోన్ లాక్కుని జేబులో వేసుకున్నాడు.

ఆమె నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చింది. అతని జేబు వంక చూసి ఏదో అడగబోయింది.

"పో అవ్వా!"

వెళ్ళిపోయింది.

సాయంత్రానికి వినీల బాగా ఏడ్చింది. యూనిట్ అంతా చప్పట్లు కొట్టింది.

సినిమా విడుదలైంది. ఏ ఛానెల్ పెట్టినా పోలికలే. అసలులోని ఆ తల్లి ముందు వినీల దిగదుడుపన్నారు. ఆ తల్లి ఎవరని అడగని వాళ్ళు లేరు.

దర్శకుడు సుధాకర్‌ను పిలిచాడు.

"ఎక్కడున్నా ఆమెను పట్టుకురా. స్టేజీ మీద సన్మానం చేద్దాం. నోళ్ళు మూతబడతాయి."

చెన్నైలో జూనియర్ ఆర్టిస్టులందరినీ అడిగాడు. ఎవరికీ తెలియదు. చివరికి, అసలు సినిమాకు కెమెరా అసిస్టెంటుగా చేసిన పద్మనాభయ్య నంబరు దొరికింది.

"ఆమె ఆర్టిస్టు కాదు బాబూ. ఆ పల్లె మనిషే. పేరమ్మ."

"అట్లాంటి నటిని ఎవరు కనిపెట్టారు సార్?"

అవతల ఫోన్ పెట్టేశారు.

సుధాకర్ శాలువా కొనుక్కుని పల్లెకు వెళ్ళాడు. ఒడ్డున గంగాభవాని చేపలు ఎండబెడుతోంది.

"పేరమ్మ ఇల్లు ఎక్కడక్కా?"

"పేరమ్మత్తా? మీ బొమ్మ మొగాన కొంగు కప్పిందే, ఆమే గదా సార్."

సుధాకర్ ఆ ముసలామె మొహం గుర్తు తెచ్చుకోబోతే రాలేదు. రెక్క పట్టుకుని లాగడం మాత్రం గుర్తొచ్చింది.

"ఆమెను... ఒకసారి పిలుస్తావా?"

"యాడుంది సార్? మీరు పోయినాక దినామూ ఒడ్డుకొచ్చి కూర్చునేది. ఆ సెల్లు అబ్బయ్య మళ్ళా రాడా అని అడిగేది. జొరమొచ్చి పోయినాది. నెల దాటింది."

"అంత గొప్ప నటి! ఒక్క మాట చెప్పుంటే నెత్తిన పెట్టుకునేవాళ్ళం కదక్కా."

గంగాభవాని చేతిలో పని ఆపింది.

"నటేంది సార్? పేరమ్మత్త సినిమా ఎరగదు."

సుధాకర్ ఫోన్ తీసి ఆ సీను చూపించాడు. చూస్తూనే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చిన్నాగాడు! వాడిది ఒక్క ఫొటో అన్నా లేదని చచ్చేదాకా ఏడ్చింది సార్."

"ఎవరిదక్కా?"

"అప్పుడు నేను చిన్నపిల్లను. సినిమా వాళ్ళు ఈడ ఇంకేందో తీసుకుంటా ఉండారు. అల లాక్కోని పోయిన కొడుకు పీనుగై కొట్టుకొస్తే, అత్త ఒళ్ళో ఏసుకోని పిలస్తా ఉండాది. వాళ్ళు కెమెరా ఇటు తిప్పినారు."