మంచినీళ్ళ సీసా

“మూడోసారీ సున్నా అనే రాశారేంటమ్మా?” టైలరు రిపోర్టుని కెమిస్టు బల్ల మీద పడేశాడు.

“ఉంటే రాయమా? మీ బోరు నీళ్ళలో ఆర్సెనిక్ లేదు. విషం లేదంటే సంతోషించేవాళ్ళని చూశాను గానీ, గొడవకొచ్చేవాళ్ళని మిమ్మల్నే చూస్తున్నా,” అంది కెమిస్టు.

“విషం లేకపోతే మా ఆవిడెందుకు పోయిందమ్మా? ముందు అరచేతుల్లో మచ్చలొచ్చాయి. ఆనక మంచం పట్టింది. ఇప్పుడు పిల్ల చేతుల్లోనూ అవే మచ్చలు. నీళ్ళ మీదే అనుమానం అన్నాడు డాక్టరు. వీధి మొత్తానికీ ఆ బోరే దిక్కు. మీ కాగితం లేనిదే ట్యాంకరు పంపమంటున్నారు మున్సిపల్ ఆఫీసులో.”

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. కెమిస్టుకి జాలేసింది. కానీ జాలిపడితే అంకెలు మారవు కదా! అందుకే ఓపిగ్గా చెప్పింది.

“చూడండి, మిషనుకి విషమంటే ఏమిటో తెలీదు. ముందు దానికి మంచినీళ్ళు చూపిస్తాం. ఆ అంకెని మీ నీళ్ళ అంకెలోంచి తీసేస్తాం. మిగిలిందే రిపోర్టు. మీకు ఏమీ మిగల్లేదు.”

అలమరలో ‘మంచినీళ్ళు’ అని చీటీ అంటించిన పెద్ద సీసా ఉంది. టైలరు దాన్ని ఎగాదిగా చూశాడు.

“ఇవి మంచివని ఎవరు చెప్పారు?”

“కంపెనీ పంపే స్టాండర్డు ద్రావణం అయిపోయి ఏడాదైంది. అందాకా ఇవి పెట్టుకున్నాం. నాకు తెలిసిన చోటివే. తాగేవాళ్ళంతా గుండ్రాయిల్లా ఉన్నారు.”

“ఆదికిచ్చిన చొక్కాయే బిగుతైతే, దాన్ని చూసి కుట్టినవన్నీ బిగుతేనమ్మా. నా కత్తెరని ఎన్నిసార్లు తిట్టుకుంటే ఏం లాభం?”

ఆ మాట కెమిస్టుకి చురుక్కుమంది. “రేపు రండి, చూద్దాం,” అంది. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. టైలరు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

కొత్త స్టాండర్డు ఆ రోజు పొద్దున్నే వచ్చి ఉంది. ఎంత ఆర్సెనిక్ ఉందో కంపెనీవాళ్ళే కొలిచి, రాసి పంపే ద్రావణం అది. ఈయన నోరు మూయించడానికైనా తప్పదనుకుని సీలు తెంచింది. ముందు మిషనుకి ఆ ద్రావణం చూపించి, తరవాత టైలరు తెచ్చిన నీళ్ళు పెట్టింది.

గోడ మీది పట్టిక ప్రకారం పది దాటకూడదు. తొంభై నాలుగు వచ్చింది.

మళ్ళీ పెట్టింది. మళ్ళీ తొంభై నాలుగే.

“క్షమించండి,” అంది. గబగబా కొత్త రిపోర్టు రాసి, సంతకం పెట్టి ఇచ్చింది.

టైలరు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు. అప్పటిదాకా గట్టిగా ఉన్న మనిషి భోరుమన్నాడు.

“మొదటిసారి నీళ్ళు తెచ్చినప్పుడు మా ఆవిడ బతికే ఉందమ్మా.”

కెమిస్టు ఆ పెద్ద సీసాలోంచి కొంచెం నీళ్ళు తీసి మిషనులో పెట్టింది.

తొంభై ఆరు.

టైలరు కళ్ళు తుడుచుకుని వంగి చూశాడు. “నా నీళ్ళకన్నా రెండెక్కువ! అయ్యో, ఇవి తాగేవాళ్ళెవరో పాపం! వాళ్ళకి ఇప్పుడే చెప్పండమ్మా. నాకైతే చెప్పేవాళ్ళు లేకపోయారు.”

కెమిస్టు అప్పటికే ఫోన్ చేస్తోంది. రెండోసారికి గానీ కలవలేదు.

“అత్తయ్యా, బాబుకి పాలపొడి మన బోరు నీళ్ళతో కలిపేశారా?”