కిటికీ దిక్కే లావు

"అత్తమ్మా, నిజం చెప్పు. ఓవెన్ కాడికి నువ్వు పోయినవా, పోలేదా?"

రేవతి చేతిలో కత్తి ఉంది. కేకు కోసిన కత్తే. అడిగిన తీరు చూస్తే మాత్రం కేకు కోసమే అనిపించదు.

దుర్గవ్వ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తల ఎత్తలేదు. "నాకేం పనే ఆడ? గా డబ్బాను ముట్టాలంటెనే నాకు భయం."

"మరి గిదేంది?"

కేకు ఒకవైపు మూడు అంగుళాలు, ఇంకోవైపు రెండు. కిటికీ దిక్కు లావు, గుమ్మం దిక్కు సన్నం. వారంలో ఇది నాలుగోది. రేపు పెద్దపల్లి నుంచి దీక్షిత వస్తుంది, తన బిడ్డ మొదటి పుట్టినరోజుకు రెండంతస్తుల కేకు పట్టుకుపోవడానికి. కింది అంతస్తు ఇట్లా ఒరిగి ఉంటే పైది దారిలోనే జారి ఆమె ఒళ్లో పడుతుంది. రేవతికి వచ్చిన మొదటి పెద్ద ఆర్డరు. అది చెడితే ఈ బొగ్గుబాయి క్వార్టర్లలో ఆమె కేకు మళ్లీ ఎవరూ అడగరు.

ఆమె చేయని ప్రయత్నం లేదు. పిండి రెండుసార్లు జల్లించింది. టిన్ను మార్చింది. జాలీని నడిమి అరకు దించింది. లోపల థర్మామీటరు పెట్టి వేడి చూసింది. ఒకవైపు కాయిల్ ఎక్కువ కాలుతుందేమోనని ఇవాళ పొద్దున ఓవెన్ ఉన్న బల్లను వంటగది నడిమికి లాగి, ఓవెన్ మొహాన్ని అటుది ఇటు తిప్పింది కూడా. అయినా కేకు కిటికీ దిక్కే లావైంది. ఓవెన్ తప్పయితే ఓవెన్‌తో పాటు లావు కూడా తిరగాలి కదా! తిరగలేదు. అంటే తప్పు ఓవెన్‌ది కాదు, మనిషిది. ఆ సమయంలో ఇంట్లో ఉన్న మనుషులు ఇద్దరే. అందులో ఒకరు రేవతి.

పైగా ఆ నిమ్మకాయలు. సోమవారం ఒకటి, బుధవారం ఒకటి, ఇవాళ ఒకటి. మూడూ కిటికీ కింద, గోడకు ఆనుకునే దొరికాయి. పులిహోర చేసి నెల దాటిన ఇంట్లోకి నిమ్మకాయలు ఎట్లా వస్తాయి?

ఫస్ట్ షిఫ్ట్ దిగి వచ్చిన భర్త సంపత్‌ను పక్కకు పిలిచి గుసగుసగా చెప్పింది. అతను పడీపడీ నవ్వాడు.

"మా అవ్వకు మంత్రాలే వస్తె నా ప్రమోషన్ ఎన్నడో వస్తుండె."

"నవ్వు నవ్వు. సాక్ష్యం తెస్త ఆగు."

రేవతి ఫోన్‌లో వీడియో ఆన్ చేసి, ఉప్పు డబ్బాకూ కారం డబ్బాకూ మధ్య దాచింది. "బట్టలు ఆరేసి వస్తా!" అని వాడకంతా వినబడేట్టు చెప్పి బయటికి పోయింది. పావుగంట తర్వాత వచ్చి ఫోన్ తీసి చూసుకుంది.

వీడియోలో దుర్గవ్వ మెల్లగా వంటగదిలోకి వచ్చింది. ఒకసారి వెనక్కి చూసింది. కొంగు ముడి విప్పి నిమ్మకాయ తీసి, నేల మీదికి వంగింది. నేల మీద ఏం చేసిందో బల్ల అడ్డమై కనబడలేదు. లేచి కిటికీ కింద గోడను అరచేత్తో తడిమింది. తర్వాత ఓవెన్ బల్ల కాలు ఒకటి ఎత్తి, దాని కిందికి ఏదో దోపింది.

అనుమానం పెనుభూతం అంటారు. రేవతికి ఆ భూతం వీడియోతో సహా దొరికింది.

"ఇప్పుడు నవ్వు!" ఫోన్ తెచ్చి సంపత్ మొహం ముందు పెట్టింది. కోపంతో పాటు ఏడుపూ వచ్చేసింది. "రేపటి ఆర్డరు పాడుజెయ్యాలని మీ అవ్వ మందు పెట్టింది. ఇగ గీ ఇంట్ల ఆమెన్న ఉండాలె, నేనన్న ఉండాలె. ఎవలుండాల్నో నువ్వే చెప్పు."

సంపత్ నవ్వు ఆగిపోయింది. గుమ్మంలో దుర్గవ్వ నిలబడి ఉంది. అంతా విన్నది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నేరుగా పోయి, బల్ల కాలి కింద దోపినదాన్ని లాగి కోడలి చేతిలో పెట్టింది.

నాలుగు మడతలు పెట్టిన అగ్గిపెట్టె అట్ట.

"గిదే బిడ్డా మందు. రేపన్న నీ కేకు సాపుగ రావాలని పెట్టిన."

రేవతి దాన్ని అటూ ఇటూ తిప్పింది. పసుపు లేదు, కుంకుమ లేదు. అయినా వదల్లేదు. "మరి నిమ్మకాయలేంది?"

"ముందుగాల నువ్వు చెప్పు. టిన్ను మారిస్తె కేకు ఎటు లావైంది?"

"కిటికీ దిక్కే."

"పొయ్యిని తిప్పితె?"

"కిటికీ దిక్కే."

"గా కేకు జూసే నాకు అనుమానం వచ్చింది. రుజువు లేంది చెప్తె ముసలిదానికి మతి పోయింది అంటరని ఊకున్న."

దుర్గవ్వ కొంగులోంచి నిమ్మకాయ తీసి, వంటగది నడిమిట్ల నేల మీద పెట్టి చెయ్యి తీసింది. ఎవరూ ముట్టలేదు. నిమ్మకాయ ఒక క్షణం ఊగింది. ఆ తర్వాత మెల్లగా కదిలి, జోరందుకుని, పోయి కిటికీ కింద గోడకు టక్కున తగిలింది.

"సోమారం నాడు గింత ఉరుకలే," అంది దుర్గవ్వ. సంపత్ వైపు తిరిగింది. "బొగ్గుబాయిల నలభై ఏండ్లు పనిజేసిన మీ బాపు నేర్పిన ఉపాయంరా ఇది."

సంపత్ మొహంలో రంగు మారింది. రేవతికి ఇంకా అర్థం కాలేదు. దుర్గవ్వ కోడలి చేతిలోని అగ్గిపెట్టె అట్టను తీసుకుని పక్కన పెట్టి, ఆ చేతిని గట్టిగా పట్టుకుంది.

"ఎవలుండాల్నో అని లొల్లి వద్దు బిడ్డా, గీ ఇంట్ల ఇగ ఎవ్వలం ఉండొద్దు, నడువుండ్రి... కింద పాత బాయి ఉన్నది, ఇల్లు కుంగుతాంది."