పన్నెండు మిల్లీమీటర్లు

ముందు ఎడమ చక్రం దగ్గర మళ్ళీ పన్నెండు మిల్లీమీటర్లు ఎక్కువ వచ్చింది.

తిప్పేష్ టేపు వదిలేసి మరోసారి పట్టాడు. చక్రం నడిమధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా. అదే కొలత. కుడివైపు మాత్రం తను పెట్టిన ఎత్తులోనే ఉంది.

"సూసినావా? ఇది నాలుగో ఆదివారం," అన్నాడు శ్రీకాంత్.

శ్రీకాంత్‌ది కుందుర్పి. సోలార్ ప్లాంట్లలో కాంట్రాక్టు పనులు చేయిస్తాడు. పొద్దున ఏడింటికి కంపెనీ జీపు వచ్చి తీసుకుపోతే, చీకటి పడ్డాకే ఇంటికి రావడం. ఆ ఎర్రటి స్పోర్ట్స్ కారు ఆదివారాల ముచ్చట. వారమంతా రేకుల కొట్టంలో గుడ్డ కప్పుకుని ఉంటుంది. నెల కిందట దాన్ని రెండంగుళాలు కిందికి దించమని, రాప్తాడు దగ్గర హైవే పక్కన షెడ్డు నడిపే తిప్పేష్‌కు అప్పగించాడు. తిప్పేష్ పాత స్ప్రింగులు తీసేసి, అడుగున ఉన్న రింగు తిప్పితే ఎత్తు మారే కొత్తవి బిగించాడు. నాలుగు మూలలా ఒకే కొలత పెట్టి పంపాడు.

మరుసటి ఆదివారం కారు ఒక పక్కకు ఒరిగి వచ్చింది. సరిచేశాడు. ఆ పై వారం మరో మూల లేచింది. అదీ సరిచేశాడు.

తిప్పేష్ పాత సామాను తగిలించి కొత్తదని చెప్పాడని శ్రీకాంత్ అనుమానం. పోయిన వారం ఆ మాట నలుగురిలో అనేశాడు. అక్కడున్న వాళ్ళలో ఒకతను మారుమాట లేకుండా తన బండి తీసుకుని వెళ్ళిపోయాడు. ఇక తిప్పేష్ అనుమానం శ్రీకాంత్ మీదే. ఎక్కడో పందేలకు తిప్పి, తనే రింగులు కెలికి, నెపం షెడ్డు మీద వేస్తున్నాడని.

షెడ్డు నీడలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న హేమావతికి వాళ్ళిద్దరి మీదా అనుమానం లేదు. శ్రీకాంత్ భార్య ఆమె. ఈ గొడవ ఎక్కడిదాకా పోతుందోనన్న భయంతో ఆదివారం వస్తే ఆమెకు అన్నం సహించడం లేదు.

తిప్పేష్ జాకీ వేసి చక్రం విప్పాడు. టార్చి వెలుగులో రింగును చాలాసేపు చూశాడు.

"స్ప్రింగనేది కుంగుతాదన్నా, పైకి లేయదు," అన్నాడు లేచి. "ఈ రింగును ఎవురో పానా పెట్టి తిప్పినారు. ఒక్కసారి కాదు, శానాసార్లు."

మడ్‌గార్డు లోపల గుచ్చుకున్న తుమ్మముల్లును పీకి శ్రీకాంత్ అరచేతిలో పెట్టాడు. వాగువంకల్లో ఉండే ఇసుక గుప్పెడు కూడా రాలింది. హైవే మీద తిరిగే కారుకు ఇవి ఎక్కడివని అడిగాడు.

శ్రీకాంత్ ముల్లును వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. అతని ముఖం మారడం చూసి హేమావతి కుర్చీలోంచి లేచింది.

"రామప్పే," అన్నాడు శ్రీకాంత్. రామప్ప వాళ్ళింట్లో వాకిలి ఊడ్చి, బర్రెలకు మేత వేసే ముసలాయన. "తాళాలు ఆయప్పకు అందేచోటే ఉంటాయి. ఎవునికో ఇస్తాండాడు. రేపట్నుంచి పనికి రావద్దని చెప్తా."

"ఆయప్పకు సైకిలే రాదు," అంది హేమావతి. "ముసలోని పొట్ట కొట్టొద్దు."

"మరెవురు? నీకు స్కూటరెక్కాలంటేనే బయం."



తిప్పేష్ కారు తలుపు తెరిచి మీటరు చూశాడు. పోయిన వారం అంకె గుర్తున్నట్టుంది, పెదవులు కదుపుతూ లెక్క వేసుకున్నాడు. పక్క సీటు సందులో మడత పెట్టిన కాగితం ఒకటి కనిపించింది. తీసి చదివాడు. హేమావతి రెండడుగులు ముందుకు వేసింది. తిప్పేష్ తలెత్తి ఆమెనే చూశాడు. ఆ తర్వాత కాగితం చొక్కా జేబులో పెట్టుకుని, శ్రీకాంత్ దగ్గరికి నడిచాడు.

"తప్పు నాదేనన్నా. రింగు కింద లాకు సరిగ్గా బిగించలేదు. అదురుకు అదే తిరుగుతాండాది. ఆ పానా గీతలు నేను సరిచేసినప్పటివే, ముల్లూ ఇసుకా మా షెడ్డు దారిలోవే. రామప్పనేమీ అనొద్దు."

శ్రీకాంత్ గెలిచినట్టు నవ్వాడు. మొదటి రోజే ఒప్పుకుని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు గదా అన్నాడు. తిప్పేష్ తల వంచుకుని విన్నాడు. నాలుగు మూలలూ సమానం చేసి, ఒక్కో రింగు దగ్గర తెల్లరంగుతో గీత పెట్టాడు. గీతకు గీత కలిస్తే ఎత్తు సరిగ్గా ఉన్నట్టేనని, అవసరానికి మించి గట్టిగా చెప్పాడు.

బయల్దేరేటప్పుడు శ్రీకాంత్ కారు చుట్టూ తిరిగి మురిసిపోతుంటే, తిప్పేష్ ఆ కాగితాన్ని అతని కంట పడకుండా హేమావతికి అందించాడు. తోడుగా తన పేరు రాసి ఉన్న ఆ ఆస్పత్రి చీటీని ఆమె కొంగున ముడి వేసుకుంది.

దారి పొడుగునా శ్రీకాంత్ తన అనుమానమే నిజమైందని చెబుతూ వచ్చాడు. మనిషిని చూడగానే పసిగట్టేస్తానన్నాడు. హేమావతి వింటూ కూర్చుంది. చేయని తప్పు నెత్తిన వేసుకున్న ఆ మనిషి వంచిన తల ఆమె కళ్ళ ముందు నుంచి కదల్లేదు.

మంగళవారం పొద్దున కంపెనీ జీపు మలుపు తిరగగానే హేమావతి కారు మీది గుడ్డ లాగేసి, జాకీ వేసి, తిరిగొచ్చాక గీతకు గీత కలిపితే చాలన్న ధీమాతో పానాతో నాలుగు రింగులూ తిప్పి, వంకదారి గతుకులకు కారు అడుగు తగలనంత ఎత్తు లేపుకుని, వారానికి రెండుసార్లు తీసుకుపోతున్నట్టే కూలిమనిషి సువార్తను డయాలసిస్‌కు తీసుకుపోవడానికి స్టీరింగు ముందు కూర్చుంది.