తొలి కుటుంబాల రాయి

"చేతులు కడుక్కున్నావా?" అంది అగస్టా ట్రఫంట్, ఊరి పాత రికార్డుల పుస్తకం తెరవబోతున్న టౌన్ క్లర్కుతో.

లెనోరా బిస్సెట్ విననట్టే పుస్తకం తెరిచింది. వెస్ట్ హార్లోలో పాతికేళ్ళుగా పుట్టుకలూ పెళ్ళిళ్ళూ చావులూ రాస్తున్నది ఆమే. అయినా అగస్టా లెక్కలో ఆమె నూలుమిల్లు కూలీ మనవరాలు. ఆ మాటకొస్తే అగస్టా లెక్కలో ఊళ్ళో మూడొంతులమంది నిన్న గాలికి కొట్టుకొచ్చిన చెత్తే.

"ఎలిఫలెట్ ట్రఫంట్. పదిహేడువందల నలభై రెండు. చదువు."

ఆ కాలపు గొలుసుకట్టు రాత లెనోరాకు తప్ప ఊళ్ళో ఎవరికీ రాదు. మా తాతల పేజీ, మా తాతల పేజీ అని ముప్ఫై ఏళ్ళుగా ఊదరగొడుతున్న అగస్టాకీ రాదు.

"'రాజుగారి పేరిట, కానిస్టేబుల్ స్వయంగా ఎలిఫలెట్ ట్రఫంట్ ఇంటికి వెళ్ళి, అతన్నీ, భార్యనూ, నలుగురు పిల్లల్నీ పేరుపేరునా పిలిచి...'"

"ఆగు!" అగస్టా గుండె మీద చెయ్యి వేసుకుంది. "రాజుగారి పేరిట! అదీ ఇంటికొచ్చి! చర్చి ముందు నిలబెట్టే తొలి కుటుంబాల రాయి మీద ఇంతవరకూ చెక్కిస్తాను."

"పేజీ తిప్పితే ఇంకా ఉందండీ."

"ఉంటుంది, మర్యాదలు. రాయి మీద అంత చోటు లేదు. ఇంకో పని చెప్తా విను. మిల్లు పక్కన ఊరి జాగాలో చక్రాల ఇల్లు పెట్టుకుని దిగారే, ఆ పెల్కీ, వాడి పిల్లల సంత. శనివారం ఊరి సభలో వాళ్ళని ఊరు వదలమని నోటీసు ఖాయం చేయాలి. నువ్వు రాయి."

"చలి పోలేదండీ ఇంకా. పిల్లలు నలుగురు."

"కనేటప్పుడు తెలియదూ? మొహమాటం లేకుండా రాయి."

"అంత గట్టిగా రాయడం నాకు చేతకాదు. పాతవాళ్ళ రాతలు చూసి రాయనా?"

"అదే మేలు. ఊరి మీద హక్కున్న వాళ్ళ మాట ఎలా ఉంటుందో నీకూ తెలుస్తుంది."

శనివారం పొద్దున టౌన్ హాలు నిండిపోయింది. వెనక బల్ల మీద సభ తర్వాతి భోజనానికి బీన్స్ కుండలు పొగలు కక్కుతున్నాయి. చివరి వరుసలో పెల్కీ భార్య చంటిదాన్ని కోటులో చుట్టుకుని కూర్చుంది. అగస్టా ముందు వరుసలోంచి వెనక్కి తిరిగి ఒకసారి ముక్కు చిట్లించింది.

సభ నడిపే హాస్కెల్ కనుసైగ చేశాడు. లెనోరా లేచి కాగితం చదివింది.

"ఈ ఊరి పేరిట పెల్కీకి, అతని భార్యకు, నలుగురు పిల్లలకు తెలియజేయడమేమంటే, మీరు ఇక్కడ పుట్టలేదు. మీకు ఇక్కడ గజం నేల లేదు. మీకు పూచీపడే మనిషి లేడు. రేపు మీ ఆకలి మా నెత్తిన పడుతుంది. పద్నాలుగు రోజుల్లో పొలిమేర దాటండి."

వెనక వరుసలో చంటిది కుయ్యిమంది.

అగస్టా ఒక్కతే లేచి చప్పట్లు కొట్టింది. "మాటంటే అదీ! ఒక్క అక్షరం మార్చడానికి వీల్లేదు. ఇలాంటి జనానికి ఏ కాలంలోనైనా ఇదే జవాబు. మా ఎలిఫలెట్ ఉండి ఉంటే మొదటి చెయ్యి ఆయనే ఎత్తేవాడు!"

"చేతులెత్తే ముందు ఒక్కమాట," అన్నాడు హాస్కెల్. "ఇంత కటువుగా రాసింది నువ్వేనా, లెనోరా?"

"నేను కాదండీ." లెనోరా పాత పుస్తకం పేజీ తిప్పి, అగస్టా ముందుకు జరిపింది.

"ఎలిఫలెట్‌కి ఇచ్చిన నోటీసే, పేర్లు మార్చానంతే."