ఐదో అంతస్తు దాటాక

లిఫ్టు ఐదో అంతస్తు దాటింది, ఆరోది చేరలేదు. మధ్యలో ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. లైటు వెలుగుతోంది గానీ పైనున్న ఫ్యాను మాత్రం ఊరుకుంది.

లోపల ఉన్నది ముగ్గురు. ఒక టీచరమ్మ, ఆమె తల్లి, ఎవరో తల నెరిసిన పెద్దమనిషి. తల్లికి ఉబ్బసం. ఏడో అంతస్తులో ఉన్న డాక్టరు దగ్గరికే బయల్దేరారు. పీల్చే మందు పొద్దున్నే అయిపోయింది. ఎలాగూ డాక్టరు దగ్గరికే కదా, అక్కడ చూసుకుందాంలే అనుకున్నారు. తొందరపడాల్సిన చోట బద్ధకించడం ఆ ఇంటి ఆనవాయితీ.

పెద్దమనిషి గంట బొత్తాం నొక్కాడు. మోగలేదు. గోడ మీద రాసున్న నంబరుకి టీచరమ్మ నాలుగుసార్లు ఫోన్ చేసింది. ఎత్తే నాథుడు లేడు. ఆదివారం, డాక్టరు గది తప్ప మిగతావన్నీ మూసి ఉండడంతో మెట్ల మీద కూడా మనిషి అలికిడి లేదు. ఫైరు స్టేషను వాళ్లు మాత్రం పలికారు. బయల్దేరుతున్నాం, అరగంట పడుతుందన్నారు. అరగంట అనడానికి వాళ్లకేం, నోటిమాటే కదా. ఇక్కడ తల్లి అప్పటికే గోడకి ఆనుకుని కూలబడింది. ఒక్కో ఊపిరీ బావిలోంచి తోడుతున్నట్టు లాగుతోంది.

"అమ్మా, నెమ్మదిగా. నావైపు చూడు," అంది టీచరమ్మ.

తలుపు సందులో గోళ్లు పెట్టి లాగబోయింది. పెద్దమనిషి చెయ్యి అడ్డం పెట్టాడు. తలుపు జోలికి మాత్రం పోవద్దన్నాడు.

అప్పుడు తట్టిందామెకి. రెండు నెలల కిందట ఒక వార్తల సైట్లో ఈ కంపెనీ లిఫ్టుల గురించే చదివింది. కంపెనీ పేరు బొత్తాల పైన మెరుస్తోంది కాబట్టి అనుమానం లేదు. ఎక్కడెక్కడ ఆగిపోయాయో, లోపలున్నవాళ్లు ఏమయ్యారో అంతా రాశారు. ఇరుక్కుపోతే గాలి రప్పించుకునే దారి ఒకటుందనీ, ఆ సంగతి కంపెనీ ఎవరికీ చెప్పి చావదనీ కూడా ఉంది. ఆ దారేదో చదివేలోపు పొయ్యి మీద పాలు పొంగాయి. ఫోను పక్కన పడేసి పరిగెత్తింది. మళ్లీ తెరిచింది లేదు.

గబగబా వెతికి సైటు పట్టుకుంది. తెర మీద నల్లటి డబ్బా ఒకటి అడ్డం పడింది. మీ ఫోన్లో ప్రకటనలు రాకుండా అడ్డు పెట్టుకున్నారు, అది తీస్తేగానీ వార్త చదవలేరని దాని సారాంశం.

"వీళ్ల దుంప తెగ," అంది.

"ఎందుకమ్మా ఆ అడ్డు?" అన్నాడు పెద్దమనిషి. అడగడానికి భలే వేళ చూసుకున్నాడు. వార్త తెరిస్తే చాలు, బట్టతల నూనెలూ పేకాటలూ మీద పడతాయనీ, ఒకసారి అమ్మ పొరపాటున దేన్నో నొక్కితే ఫోనంతా పాడైందనీ ఆమె విసుగ్గా చెప్పింది. ఆ అడ్డు తీసేది ఎక్కడో తెలియక వేళ్లు తడబడుతున్నాయి.

"మీ బాధా నిజమే. కానీ అందరూ అడ్డు పెట్టుకుంటే మా జీతాలు ఎక్కణ్నించి వస్తాయి? పదిమంది పెట్టే కూడు ఒక్కడే పెడుతుంటే, వాడు చెప్పినట్టు ఆడాలి."

"మీరు విలేకరా?"

"ముప్పై ఏళ్లుగా ఆ కూడే తింటున్నాను."

ఎట్టకేలకు అడ్డు తొలిగింది. తొలగడమే తడవు ప్రకటనలు పోటెత్తాయి. ఒకటి మూస్తే రెండు లేస్తున్నాయి. అన్నీ మూసేసరికి పేజీ తెరుచుకుంది. మీరు వెతుకుతున్న వార్త ఇక్కడ లేదు అని ఒక్క ముక్క. దాని కిందే ఈ లిఫ్టుల కంపెనీ ప్రకటన. తల్లీ పిల్లా నవ్వుతూ లిఫ్టులోంచి దిగుతున్నారు.

"ఉంది. నా కళ్లతో నేను చూశాను," అంది టీచరమ్మ. గడ్డి తిని పీకేసుంటారని తిట్టింది. వాళ్లింట్లో మనిషి ఇలా గిలగిల్లాడితే తెలిసొస్తుందంది. నోటికొచ్చిన శాపనార్థాలన్నీ పెట్టింది. పెద్దమనిషి తెర మీది ప్రకటన వైపే చూస్తున్నాడు.

తల్లి పెదవులు నీలంగా మారుతున్నాయి. టీచరమ్మ బ్యాగులోంచి ఎవరో పిల్లవాడి నోట్సు తీసి విసరసాగింది. ఉన్న వేడిగాలే అటూ ఇటూ తిరుగుతోంది. తల్లి చెయ్యి ఆమె చేతిలోంచి జారిపోయింది.

"అమ్మా!"

పెద్దమనిషి మోకాళ్ల మీద కూర్చున్నాడు. కళ్లు మూసుకుని, పాఠం అప్పజెబుతున్నట్టు మొదలుపెట్టాడు.

"నాలుగో పేరా. బొత్తాల కింద, నేలకి జానెడు ఎత్తున ఒక రేకు పలక ఉంటుంది. అది అలంకారం కోసం కాదు. దాని రెండు చివర్లూ ఒకేసారి లోపలికి నొక్కి, పైకి జరిపితే..."

ఆమె మిగతాది వినలేదు. నొక్కింది, జరిపింది. పలక ఊడి చేతిలోకొచ్చింది. సందులోంచి చల్లటి గాలి రివ్వున కొట్టింది. తల్లిని లాక్కొచ్చి ముఖం ఆ కంతకి ఆనించింది. ఒక ఊపిరి. రెండు. పది. పెదవులకి మెల్లగా రంగు తిరిగింది. కింద మెట్ల మీద బూట్ల చప్పుడు వినబడింది. ఎవరో పైకి కేకేస్తున్నారు.

టీచరమ్మకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పెద్దమనిషి రెండు చేతులూ పట్టుకుంది. దేవుడిలా ఎదురయ్యారంది. అక్షరం పొల్లు పోకుండా అంతా కంఠతా వచ్చిందంటే, రాత్రింబవళ్లు దానితో ఎంత కుస్తీ పట్టి ఉండాలో ఒక టీచరుగా తనకి తెలుసంది.

"ఆ వార్త రాసింది మీరే కదండీ?"

ఆయన మెల్లగా చేతులు విడిపించుకున్నాడు.

"రాసింది నేను కాదమ్మా, తీసేసింది నేను."