మిలిటరీ సంచులు

"ఆగండి! ఆ సంచులు దింపొద్దు! ఒక్కటి కూడా దింపొద్దు!"

గోవర్ధనరావు అరుచుకుంటూ వెళ్ళి మిలిటరీ లారీకి అడ్డం నిలబడేసరికి కరకట్ట మీది జనం బిత్తరపోయారు. అవతల కృష్ణ కట్ట అంచుల దాకా పొంగి ఉంది. కట్టకు బుంగ పడి గంటయింది. అందులోంచి ఎర్రనీళ్ళు బుసబుసా ఊరి వైపు తన్నుకొస్తున్నాయి. బుంగ పెద్దదై గండి పడిందా, ఊరు ఊరంతా గంగపాలే. కట్ట దిగువన మొదటి గుడిసె ఎల్లయ్యది. దాని వెనకే గోవర్ధనరావు గారి రెండంతస్తుల మేడ. ఎల్లయ్య ఆ మేడలో పాలేరు.

"ఏమిటండీ మీ గొడవ?" లారీ దిగిన సుబేదారు విసుక్కున్నాడు. విజయనగరం వైపు మనిషి కావడంతో తెలుగులోనే మాట్లాడుతున్నాడు. "ఇవి బంకర్ల కోసం కుట్టించిన సంచులు. ఇసుక నింపి వేస్తే కట్ట కదలదు. తప్పుకోండి ముందు."

ఎల్లయ్యకు ఒళ్ళు మండిపోయింది. ఈయనకు మతిగానీ పోయిందా? లారీ రాగానే అందరికంటే ముందు ఎక్కి టార్పాలిన్ ఎత్తి చూసింది ఈయనే. దిగేటప్పటికి మొహంలో నెత్తురు చుక్క లేదు. వరదకు జడిసిపోయాడు పాపం అనుకున్నారంతా.

గోవర్ధనరావు గొంతు సవరించుకున్నాడు. "అది దేశం సొత్తండీ. సరిహద్దులో జవాన్లకు ఉండాల్సిన సంచుల్ని మా ఊరి బురదలో పారేస్తే మా కళ్ళు పోతాయి. నా మేడ పక్క గోడౌన్లో ఎనిమిది వందల ధాన్యం బస్తాలున్నాయి. ధాన్యం కుమ్మరించి ఆ సంచులు ఇస్తాను. నింపుకోండి."

జనం నోళ్ళు వెళ్ళబెట్టారు. అది రేటు పెరగాలని ఆరు నెలలుగా దాచిన దాళ్వా ధాన్యం. కోతలప్పుడు కల్లంలో రాలిన గింజలు ఏరుకుందని ఎల్లయ్య పెళ్ళాం చిట్టెమ్మ చేత అందరి ముందూ కొంగు దులిపించిన మనిషి ఈయన!

"నిజంగానేనాండీ బాబుగారూ?" అన్నాడు ఎల్లయ్య.

"నిజం కాక పరాచికమా? చూస్తావేంరా ఎల్లయ్యా, ట్రాక్టరు తియ్యి!"

ఎల్లయ్య పరుగెత్తాడు. ట్రాక్టరు తొట్టి మీద పురి విప్పిన నెమలి బొమ్మ వానకు తడిసి నిగనిగలాడుతోంది. నెమలి వాహనుడు మోపిదేవి స్వామి మీద భక్తితో గోవర్ధనరావు తన సొత్తన్నదానికల్లా ఆ బొమ్మ వేయిస్తాడు. మేడ గేటు మీద అదే, గుడివాడలో ఆయన షెడ్డు తలుపు మీదా అదే. ఎల్లయ్యకు అక్షరం ముక్క రాదు. బాబుగారిది ఏదో, పరాయిది ఏదో ఆ నెమలిని చూసే పోల్చుకుంటాడు.

ఆడా మగా అంతా బస్తాల మీద పడ్డారు. ధాన్యం మేడ హాల్లో గుట్టలు పడింది. ఖాళీ గోనెలు కట్ట మీదికి చేరాయి. రెండు పేటల పురికొసతో కుట్టిన పాత గోనెలు, జవాన్లు ఎంత ఇసుక కూరినా కిక్కురుమనలేదు. మధ్యాహ్నం మూడయ్యేసరికి బుంగ పూడింది. నీళ్ళు ఆగిపోయాయి.

"గోవర్ధనరావు గారికీ..."

"జై!"

జనం ఆయన్ను భుజాలకెత్తుకున్నారు. ఎల్లయ్య కూడా ఒక భుజం పట్టాడు. కళ్ళ నీళ్ళు ఆగడం లేదు. 'ఇన్నాళ్ళూ ఈ మారాజును తిట్టుకున్నానే, నా నోరు పడిపోనూ!' అని లెంపలేసుకున్నాడు.

సుబేదారు వచ్చి సెల్యూట్ కొట్టాడు. "ఇరవై ఏళ్ళ సర్వీసులో మీలాంటి మనిషిని చూళ్ళేదండీ. మీ పుణ్యాన మా సంచులు మిగిలాయి. వచ్చే వారమే మా యూనిట్ కాశ్మీరు వెళ్తోంది. కార్గిల్ అయినప్పట్నించీ అక్కడ ఎన్ని సంచులున్నా చాలడం లేదు. ఇవన్నీ పట్టుకెళ్ళి మా బంకర్ల చుట్టూ పేర్చుకుంటాం. వీటిని చూసినప్పుడల్లా మీరే గుర్తొస్తారు."

గోవర్ధనరావు తల వంచుకుని నమస్కారం పెట్టాడు. "శుభమండీ. తీసుకెళ్ళండి."

పొద్దున కంగారులో లారీ మీంచి జారిపడిన సంచుల మూట ఒకటి కట్ట మీదే ఉండిపోయింది. ఎల్లయ్య దాన్ని ఎత్తి లారీలోకి విసిరాడు. ఒక సంచి జారి కిందపడబోతే అంచు పట్టుకున్నాడు. అంతే, కుట్టు ఈ చివర నుంచి ఆ చివరకు చరచరా ఊడిపోయింది. ఒంటి పేట దారం, అదీ చివికిపోయినది. సంచి గుడ్డపీలికలా చేతిలో వేలాడింది. దాని మీద నీలం సిరాతో ఒక ముద్ర ఉంది.

పురి విప్పిన నెమలి.

ఎల్లయ్య దాన్ని చూశాడు. ట్రాక్టరు తొట్టిని చూశాడు. లారీ స్టార్టయింది. వాడు సంచి పట్టుకుని గోవర్ధనరావు దగ్గరికి పరుగెత్తాడు.

"బాబుగారూ, ఇయ్యి మన గుడివాడ షెడ్డులో కుట్టించినయ్యేనండీ! పట్టుకుంటేనే ఊడిపోతన్నాయండీ!"

గోవర్ధనరావు చటుక్కున సంచి లాక్కుని చంకలో దోపుకున్నాడు. "నోరు ముయ్యి. ఎవరైనా వింటారు."

"లారీ ఆపుదామండీ! పాపం, ఆళ్ళు తూటాలకి అడ్డం పెట్టుకుంటారంట కదండీ ఈటిని!"

లారీ కట్ట మలుపు తిరిగి అవనిగడ్డ రోడ్డెక్కేదాకా గోవర్ధనరావు ఎల్లయ్య భుజం వదల్లేదు. అప్పుడు పొద్దుటినుంచీ బిగబట్టిన ఊపిరి వదిలి అన్నాడు.

"అక్కడ మన ఊరేం లేదు కదరా!"